ముల్లుకు దిక్కు తెలియదు

మీరు వరంగల్ నుంచి ఖమ్మం రోడ్డు పట్టుకుని బైకు మీద వర్ధన్నపేట వెళ్లి, పని చూసుకుని తిరిగొచ్చారు. ఒక్కో వైపు 30 కిలోమీటర్లు అనుకుంటే మీటరు రీడింగు 60 పెరిగింది. స్థానభ్రంశం మాత్రం సున్నా, బయల్దేరిన చోటికే వచ్చారు గనుక. దారిలో రెండు గంటలు గడిస్తే సగటు వడి గంటకు 30 కిలోమీటర్లు, దిక్కునూ లెక్కలోకి తీసుకునే సగటు వేగం సున్నా. కాలిన పెట్రోలు సంగతి పాఠ్యపుస్తకం అడగదు.

మీటరుకు ఈ సున్నా ఎందుకు పట్టదో తెలియాలంటే దాన్ని విప్పి చూడాలి. దూరం లెక్కించే యంత్రం చాలా పాతది. బండి చక్రానికి పళ్లచక్రాలు బిగించి, మైలుకో గులకరాయి పెట్టెలో పడే ఏర్పాటును రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రెండు వేల ఏళ్ల కిందటే వర్ణించాడు. వడిని చూపే ముల్లు మాత్రం చాలా కాలం తర్వాత వచ్చింది. స్ట్రాస్‌బర్గ్‌కు చెందిన ఒట్టో షుల్జె 1902లో అందులో అయస్కాంతంతో పనిచేసే రకానికి పేటెంటు తీసుకున్నాడు.

ఉపాయం ముచ్చటైనది. కేబుల్‌తో నడిచే మీటరులో, చక్రం తిరిగితే కేబుల్ లోపలి తీగ తిరుగుతుంది, తీగ చివరనున్న అయస్కాంతమూ తిరుగుతుంది. దాని మీద అల్యూమినియం గిన్నె బోర్లించి ఉంటుంది. రెండూ తాకవు. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు కూడా. అయినా తిరిగే అయస్కాంతం గిన్నెలో సుడి విద్యుత్ ప్రవాహాలను పుట్టించి, దాన్ని తన వెంట లాగుతుంది. సన్నటి స్ప్రింగు వెనక్కి గుంజుతుంది. ఈ రెండు బలాలూ సరితూగిన చోట గిన్నెకు బిగించిన ముల్లు నిలుస్తుంది. అదే కేబుల్ అంకెల చక్రాలనూ తిప్పి కిలోమీటర్లు లెక్కిస్తుంది.

ఇందులో దిక్కు ఎక్కడుంది? అదే ఖమ్మం రోడ్డు మీద ముందుకు రాయపర్తి వైపు 50తో పోయినా, వెనక్కి మామునూరు వైపు 50తో పోయినా ముల్లు ఒక్కచోటే ఆగుతుంది. వేగాలు మాత్రం ఒకటి ప్లస్ అయితే రెండోది మైనస్. కొన్ని పాత మీటర్లలో బండిని రివర్సులో నడిపితే అంకెలు వెనక్కి తిరిగేవి. స్థానభ్రంశానికి మీటరు కాస్తయినా దగ్గరికొచ్చింది అక్కడే. సెకండ్ హ్యాండ్ బండ్ల బేరగాళ్లలో కొందరు కేబుల్‌ను ఉల్టా తిప్పి రీడింగు తగ్గించింది కూడా ఆ దారినే!

పైగా మీటరు కొలిచేది రోడ్డును కాదు, చక్రం చుట్లను. టైరు అరిగితే చుట్టుకొలత తగ్గుతుంది, అంతే దూరానికి చుట్లు పెరుగుతాయి, ముల్లు కొంచెం ఎక్కువే చూపుతుంది. ఫోన్‌లోని జీపీఎస్‌కు చక్రంతో పని లేదు. ఉపగ్రహ సంకేతాల నుంచి స్థానం, వడి, దిక్కు మూడూ రాబడుతుంది.

వరి మడిలో దమ్ము చేసే ట్రాక్టరు దగ్గర ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. బురదలో చక్రం జారుతుంది, పది చుట్లు తిరిగినా బండి పది చుట్ల దూరం సాగదు. మడంతా తిరిగి దిగిన గట్టు దగ్గరే పైకెక్కితే స్థానభ్రంశం దాదాపు ఉండదు. ట్రాక్టరులో సాధారణంగా కిలోమీటర్లకు బదులు గంటల మీటరు ఉంటుంది. పాత యాంత్రిక రకాల్లో అది గడియారం కూడా కాదు, ఇంజను చుట్లనే గంటలుగా మార్చి చూపేది. ఇంజను మెల్లగా ఆడితే దాని గంట అరవై నిమిషాలకు పూర్తికాదు. గంట లెక్కన కిరాయికి ట్రాక్టరు నడిపే యజమాని ఆ మీటరును కాకుండా తన చేతి గడియారాన్ని చూసుకోవడం న్యాయమే.