ఉచితమని నమ్మితే... ఖర్చు రెండు విధాలా!

"అమ్మా! నేను నా ఫ్రెండుకు రాసింది నీకెలా తెలిసింది?"

ఎనిమిదో తరగతి చదివే మా పాప నా కళ్లలోకి సూటిగా చూస్తూ అడిగిన ప్రశ్న ఇది. లెక్కల్లో మార్కులు తగ్గాయని మందలిస్తూ మాట జారాను. "ఎప్పుడూ పెద్దమ్మ కూతురితో పోలుస్తానని నీ ఫ్రెండుకు చెప్పుకుంటున్నావుగా, మరి ఆ పిల్లలా చదవచ్చు కదా!" అనేశాను. అన్నాక నాలుక కరుచుకుని ఏం లాభం? ఆ మాట తను నాతో అన్నది కాదు. ఫోన్లో స్నేహితురాలికి రాసుకున్నది. నేను దొంగచాటుగా ఒక యాప్ పెట్టి చదివాను.

ట్యూషన్ మాస్టారు హోంవర్కు వాట్సాప్‌లోనే పంపుతారని మావారి పాత ఫోను పాపకిచ్చాం. ఇచ్చిన రోజు నుంచీ నాకు ఒకటే బెంగ. ఎవరితో మాట్లాడుతోందో, ఏం చూస్తోందో! ఆ సమయంలోనే నా ఫోన్లో ఓ ప్రకటన కనిపించింది. "మీ పిల్లల ఫోన్లో ఏముందో తెలుసుకోండి... పూర్తిగా ఉచితం" అని. అది ప్లే స్టోర్‌లో దొరికేది కాదు. లింకు నొక్కి దింపుకోవాలి. ఒక్క రూపాయి కట్టి ఆటోపేకి ఒప్పుకుంటే మూడు రోజులు ఉచితమన్నారు. రూపాయే కదా అనుకున్నాను.

నాలుగో రోజున నా ఖాతాలోంచి 699 రూపాయలు పోయాయి! డబ్బు కోసుకోబోతున్నట్టు ముందురోజే మెసేజ్ వచ్చిందట. చీరల డిస్కౌంటు మెసేజ్‌ల మధ్య నేనే చూసుకోలేదు. పాపతో గొడవయ్యాక ఆ యాప్ తీసేసి, పీడ వదిలిందనుకున్నా. మరుసటి నెలా 699 పోయాయి. యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగదన్న సంగతి నాకప్పుడు తెలిసింది. ఆ డబ్బు తిరిగి రాలేదు. పాప మాత్రం పది రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. ఫోన్ బోర్లా పెట్టి కూర్చునేది. నాకు 1,398 రూపాయల కంటే అదే ఎక్కువ బాధ.

అప్పుడు కూర్చుని, అసలు ఇలాంటి యాప్‌లలో ఏవి ఉచితం, వేటికి డబ్బు కట్టాలి అని వివరంగా తెలుసుకున్నాను. నాలాంటి తల్లులకు పనికొస్తుందని రాస్తున్నాను.

నిజంగా ఉచితమైనవి

ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ వారి 'ఫ్యామిలీ లింక్' ఉంది. 2017లో వచ్చింది. పైసా కట్టనక్కర్లేదు. రోజుకు ఎన్ని గంటలు ఫోన్ వాడాలి, రాత్రి ఎన్నింటికి ఆగిపోవాలి అన్నది మనం పెట్టచ్చు. ఏ యాప్ ఎంతసేపు చూశారో తెలుస్తుంది. కొత్త యాప్ దింపుకోవాలంటే మన అనుమతి అడిగేలా పెట్టుకోవచ్చు. పిల్లల ఫోన్ ఎక్కడుందో కూడా కనిపిస్తుంది. అయితే మెసేజ్‌లు చదవడం, మాటలు వినడం ఇందులో ఉండవు. అది లోపమని మొదట అనుకున్నాను. ఇప్పుడు అదే మంచిదనిపిస్తోంది.

ఐఫోన్‌లో అయితే 'స్క్రీన్ టైమ్' ఫోన్‌తోపాటే వస్తుంది. 2018 నుంచి ఉంది. సెట్టింగ్స్‌లోకి వెళ్తే చాలు, అదీ ఉచితమే. కాకపోతే పిల్లలది ఐఫోనూ మనది ఆండ్రాయిడూ అయితే మన ఫోన్లోంచి దాన్ని మార్చడం కుదరదు. ఆ ఐఫోన్‌లోనే పాస్‌కోడ్ పెట్టి పరిమితులు పెట్టుకోవాలి.

సగం ఉచితం, సగం కాదు

ఇక మూడో రకం. 'క్వస్టోడియో', 'కాస్పర్‌స్కీ సేఫ్ కిడ్స్' లాంటి వాటిలో కొంత ఉచితం, కొంత డబ్బుకు. క్వస్టోడియో ఉచితంగా ఒక్క ఫోనుకే పనిచేస్తుంది. సేఫ్ కిడ్స్‌లో పిల్లలు ఎక్కడున్నారో చూడాలంటే డబ్బు కట్టాల్సిందే. 'నార్టన్ ఫ్యామిలీ'కి ఏడాది చందా ఉంటుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు, ఇంట్లో కంప్యూటర్, ట్యాబ్ అన్నీ ఉంటే చందా అవసరం పడచ్చు. ఒక్క ఫోన్, ఒక్క పిల్ల ఉన్న ఇంటికి ఉచితంగా వచ్చేవే ఎక్కువ.

కట్టే ముందు రెండు సంగతులు చూసుకోండి. మొదటి ఏడాది తగ్గింపు ధర చూపించి రెండో ఏడాది పూర్తి ధర వసూలు చేయచ్చు. అందుకని రెండో ఏడాది ఎంతో ముందే అడగండి. వద్దనుకున్నప్పుడు యాప్ తీసేయడంతో సరిపెట్టకండి. ప్లే స్టోర్ ద్వారా కట్టి ఉంటే అందులోని 'సబ్‌స్క్రిప్షన్స్'లోకి వెళ్లి రద్దు చేయాలి. యూపీఐ ఆటోపే అయితే మీరు డబ్బు పంపే యాప్‌లోనే 'ఆటోపే' అన్నచోట రద్దు చేయాలి. నేను చేయనిది అదే!

దాక్కునే యాప్‌లతో జాగ్రత్త

నేను పెట్టిన యాప్ లాంటివి మరీ ప్రమాదం. మనం పిల్ల మెసేజ్‌లు చదువుతున్నామనుకుంటాం. అవన్నీ ముందు ముక్కూమొహం తెలియనివాళ్ల కంప్యూటర్లలోకి చేరతాయి. పోలండ్‌కు చెందిన 'లెట్‌మీస్పై' అనే యాప్ 2023 జూన్‌లో హ్యాకర్ల పాలైంది. దాని ద్వారా సేకరించిన మెసేజ్‌లు, కాల్స్ వివరాలు, ఎవరెక్కడున్నారన్న సమాచారం బయటకు పోయాయి. కొద్ది నెలల్లోనే ఆ యాప్ మూతపడింది. 'స్పైఫోన్' అనే సంస్థను 2021లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్ నిఘా వ్యాపారం నుంచే నిషేధించింది. బిడ్డను కాపాడాలని పెట్టిన యాప్ ఆ బిడ్డ గుట్టునే బజారులో పెట్టేస్తే ఎవరికి చెప్పుకుంటాం?

ప్లే స్టోర్ నియమాల ప్రకారం పిల్లల్ని గమనించే యాప్ దాక్కోకూడదు. అది పనిచేస్తున్నట్టు ఫోన్లో ఎప్పుడూ గుర్తు కనిపిస్తూనే ఉండాలి. "ఎవరికీ కనపడదు" అని గొప్పగా చెప్పుకునే యాప్ బయటి లింకులో ఎందుకు దొరుకుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది. దింపుకునేటప్పుడు 'ప్లే ప్రొటెక్ట్ ఆపేయండి' అన్నారంటే ఇక ఆలోచించక్కర్లేదు, వదిలేయండి. అలాంటి లింకుల వల్ల డబ్బు మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఈ సంగతులు చెబుతుంటే మా పక్కింటావిడ మెల్లగా అడిగింది, "మరి మా ఆయన ఫోన్లో పెట్టచ్చా వదినా?" అని. పెట్టకూడదు. భార్యాభర్తలు ఒకరినొకరు గమనించడానికి ఇలాంటి యాప్‌లు వాడడం, చెప్పి చేసినా సరే, ప్లే స్టోర్ నియమాలకు విరుద్ధం. చెప్పకుండా మరొకరి ఫోన్లోకి చొరబడితే ఐటీ చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా పడచ్చు. మనకు వర్తించేదే మనమీద నిఘా పెట్టేవాళ్లకూ వర్తిస్తుంది. మీ ఫోన్లో ఎవరైనా ఏదైనా పెట్టారని అనుమానమొస్తే ప్లే స్టోర్‌లోని 'ప్లే ప్రొటెక్ట్'తో వెతికించండి, ఉచితమే. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే మాత్రం కంగారుపడి దాన్ని తీసేయకండి, అవతలివాళ్లకు తెలిసిపోతుంది. ముందు వేరే ఫోన్ నుంచి మహిళా హెల్ప్‌లైన్ 181కి చెప్పండి.

మళ్లీ మా ఇంటికి వస్తే...

ఫ్యామిలీ లింక్ పెడదామని కూర్చుంటే అక్కడో చిక్కు వచ్చింది. పదమూడేళ్లు నిండి, సొంత ఖాతా వాడుకుంటున్న పిల్లలకు దాన్ని పెట్టాలంటే వాళ్లూ ఒప్పుకోవాలి. ఇంకేం చేస్తాను? పాప పక్కన కూర్చుని అడిగాను. ముందుగా "నీ మెసేజ్‌లు చదవడం తప్పే" అన్నాను. పిల్లల దగ్గర ఆ మాట అనడం ఎంత కష్టమో తల్లులకు తెలుసు.

పాప కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మెసేజ్‌లు కనపడవు కదా?" అంది. కనపడవని చూపించాను. "పోల్చడం కూడా మానేస్తావా?" అంది. ప్రయత్నిస్తానన్నాను. అప్పుడు ఒప్పుకుంది. కానీ ఒక షరతు పెట్టింది. రాత్రి తొమ్మిదిన్నరకు తన ఫోన్ ఆగిపోతే మా ఫోన్లు కూడా పక్కన పెట్టాలట. మావారు గొణిగారు గానీ కాదనలేదు.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరయ్యేసరికి మూడు ఫోన్లూ హాల్లో టీవీ పక్కన బుట్టలో ఉంటాయి. మొన్నొకరోజు వంటింట్లో నా పక్కన నిలబడి, తనంతట తానే చెప్పింది. ఎవరో తెలియని నెంబరు నుంచి మెసేజ్ వచ్చిందట, బ్లాక్ చేసిందట. ఆ సంగతి యాప్ చెప్పలేదు, మా పాపే చెప్పింది.