చలికి చావని మందారం చుట్టం

న్యూజెర్సీలో హాకెన్‌సాక్ నది వెంట మెడోలాండ్స్ అని పెద్ద చిత్తడి నేల ఉంది. టర్న్‌పైక్ మీద న్యూయార్క్ వెళ్లేవాళ్లంతా దాన్ని దాటే వెళ్తారు, చూసేది మాత్రం తక్కువ. ఆగస్టులో ఓ శనివారం పిల్లల్ని తీసుకుని లిండ్‌హర్స్ట్‌లోని డికోర్ట్ పార్కుకి వెళ్లాం. రెల్లు మధ్యలో అరచెయ్యంత పూలు! ఐదు రేకులు, తెలుపో గులాబీయో రంగు, నడుమ కుంకుమ బొట్టు. "ఇదేంటి, మన బెండపువ్వు ఇక్కడుంది?" అనుకున్నాం.

మరీ తప్పేం కాదు. దీని పేరు స్వాంప్ రోజ్ మ్యాలో. మందారం, గోంగూర ఉన్న హైబిస్కస్ జాతే. బెండ, పత్తి కూడా ఈ కుటుంబంలోవే. అయితే ఇది మనలా వీసా మీద వచ్చింది కాదండోయ్, తూర్పు అమెరికా సొంత మొక్క.

పెరట్లో గోంగూర వేసేవాళ్లకి తెలుసు, మేలో విత్తితే శీతాకాలం మొదట్లో పడే మంచుకే నల్లబడి పోతుంది. కుండీ మందారాన్ని ఇంట్లోకి మోసుకురావాల్సిందే. ఈ చుట్టానికి ఆ బాధ లేదు. పైన కాడలు ఎండిపోతాయి, వేరు మాత్రం మంచు కింద బతికే ఉంటుంది.

చిక్కల్లా వసంతంలోనే. ఏప్రిల్‌లో ఊరంతా పచ్చబడినా ఇది లేవదు. ఒక్కోసారి మే సగం గడిచాకే మొలకెత్తుతుంది. మేమూ మొదటి ఏడాది చచ్చిపోయిందనుకుని పార పెట్టి తవ్వేశాం. తీరా చూస్తే వేరు మొదట్లో లావుపాటి మొగ్గలు! గబగబా మళ్లీ పాతాం. ఆ ఏడాది ఒక్క పువ్వూ లేదు, మరుసటి ఏడు విరగబూసింది. మీరు ఆ పని చెయ్యకండి. ఎండు కాడల్ని జానెడు ఉంచి కత్తిరిస్తే మొక్క ఎక్కడుందో గుర్తుంటుంది.

కప్పు మీది వాననీళ్లు పడి నేల ఎప్పుడూ తడిగా ఉండేచోటు, మంచి ఎండ ఉంటే చాలు. పార్కుల్లోంచి పీక్కురావద్దు, నర్సరీల్లో దొరుకుతుంది. గింజ పెంకు గట్టిది, కాస్త గీరి రాత్రంతా నానబెట్టండి. ఆకుల్ని జల్లెడ చేసేది జపనీస్ బీటిల్. అమెరికాలో 1916లో అది మొదట కనబడింది న్యూజెర్సీలోనే. పొద్దున్నే ఏరి సబ్బునీళ్లలో వేస్తే సరి.

పువ్వు ఆయుష్షు ఒక్కరోజే. ఆఫీసుకి బయల్దేరే ముందే చూసుకోండి, మర్నాటికి వాడిపోతుంది. ఈలోగా పక్క మొగ్గ విచ్చుకుంటుంది.