సెలవులల్ల చూద్దాం తియ్యి

మొన్న దసర సెలవులల్ల మా వాడకట్టు తమ్ముడొకడు గోడ మీదికెల్లి తొంగిచూసి అన్నడు: "అక్కా, నౌకరంటే నీదే. 13 దినాలు పన్లేదు, జీతం మాత్రం పడ్తది." వాడు డీఎస్సీకి చదువుతుండు. నేనప్పుడు అరుగు మీద కూసొని మూడో తరగతి పరీక్ష కాయిదాలు దిద్దుతున్న. నవ్వి ఊకున్న. కాని 2024 డీఎస్సీల 11,062 పోస్టులు పడితే మన పల్లెలకెల్లి మస్తుమంది ఈ కొలువులకొచ్చిండ్రు, ఇంకా రావాలని చదివెటోళ్లున్నరు. అందుకే గిది జర ఇడమర్చి చెప్పాలనిపిచ్చింది.

ముందు లెక్క. విద్యాహక్కు చట్టం ప్రకారం అయిదో తరగతి దాక ఏడాదికి 200 పనిదినాలకు తక్కువ కావొద్దు, ఆరు నుంచి ఎనిమిదికి 220. టీచరుకు వారానికి 45 గంటలు. పాఠం తయారు చేసుకునే టైం గూడ అండ్లనే ఉంటది. అంటే బడి బయట చేసేది గూడ పనేనని చట్టమే ఒప్పుకున్నది. ఇంగ సెలవులేమో ఉత్తగ రాలే. మిగతా సర్కారు ఉద్యోగులకు ఏడాదికి 30 ఈఎల్‌లు, అంటే సంపాదిత సెలవులు, జమయితయి. మాకు 6. ఎండకాలం సెలవులిస్తున్నం గదా అని కోసిండ్రు. ఆ సెలవులల్ల డ్యూటీ పడితే దాని లెక్కన కొన్ని ఈఎల్‌లు కలుస్తయి, కని దానికోసం మళ్ల కాయిదాలు పట్టుకొని తిరగాలె. 2024 మే 13న పార్లమెంటు ఎలక్షన్లయితే పోలింగు బూతులల్ల కూసున్నది ఎవలు? మేమే. 2025ల జూన్ 11 దాక సెలవులన్నరు, బడిబాట జూన్ 6 నాడే షురువైంది.

ఇది కొంత అందరికెరుకే. ఎరుక లేనిది ఇంకోటున్నది.

మాది ఇద్దరు టీచర్ల బడి. చట్టంల గూడ 60 మంది పిల్లల దాక ఇద్దరే. తరగతులు అయిదు. నేనొక దినం లీవు పెడితే అయిదు తరగతులూ మా సార్ నెత్తిన పడ్తయి. ఆయన పెడితే నా నెత్తిన. ఒకల మొకం చూసి ఒకలం లీవు పెట్టం. అందుకే ఇంట్ల ఏ పని చెప్పినా నా నోట్లెకెల్లి ఒక్కటే మాట: "సెలవులల్ల చూద్దాం తియ్యి." బిడ్డ పన్ను నొప్పి, ఆధార్ల తప్పువడ్డ పేరు, బ్యాంకు పని, చుట్టాల పెండ్లిండ్లు, అన్నీ సెలవుల ఖాతలనే. ఏడాది పొడుగూ పెట్టిన బాకీ 13 దినాలల్ల తీరుతదా?

మా అమ్మ కంట్లె పొరొచ్చింది. 2024 దసరకు దవఖానల చూపిస్తే ఆపరేషన్ చెయ్యాలన్నరు. సంక్రాంతికన్న. అయి అయిదారు దినాలే, పండుగకే సరిపోయినయి. ఎండకాలమన్న. ట్రైనింగొచ్చింది, ఎన్క బిడ్డకు జరమొచ్చింది, బడి తెరిచిండ్రు. అమ్మ ఒక్కమాట అనలే. నేను తల్లిగారింటికి పోయినప్పుడల్ల నా సంచి చేతితోని తడిమి "కాయిదాలు తెచ్చినవా బిడ్డా?" అని అడిగేది. ఎక్కిరిస్తున్నదనుకున్న. సంచిల ఏమున్నదో ఆమెకు కనవడ్తలేదని నాకు సోయి రాలే.

మొన్న దసరకు మాత్రం మొండికేసిన. సెప్టెంబర్ 21, ఎంగిలిపూల నాడు సెలవులు మొదలు. రెండు దినాలు కాయిదాలు దిద్ది, మార్కులు ఆన్‌లైన్ల ఎక్కిచ్చి, సంచి అటక మీద పెట్టిన. మూడో నాడు అమ్మను తీస్కొని దవఖానకు పోయిన. వాట్సాప్ గ్రూపు సప్పుడు బందువెట్టిన. "అర్జంట్, సాయంత్రం లోపు వివరాలు పంపాలె" అని ఒక మెసేజొచ్చింది. తెల్లారి పంపిన. ఏం కొంపలు మునగలే. అబద్ధమెందుకు, ఆపరేషన్ గది బయట కూసున్నప్పుడు రెండు మాట్ల ఫోన్ తీసి చూసిన. అలవాటు అంత జల్ది పోదు.

సద్దుల నాడు అమ్మ నల్లద్దాలు పెట్టుకొని అరుగు మీద కూసున్నది. దుమ్ముల తిరగొద్దన్నరు, ఆటకు రాలే. నా బిడ్డ బతుకమ్మ పేరుస్తుంటే "తంగేడు తక్కువైంది, గునుగు ఇంకో వరుస పెట్టు" అని అక్కడికెల్లే చెప్పింది.

ఇంటి బాకీ ఒకటి తీరింది. బడి బాకీ మాత్రం పెరిగింది. మా మూడో తరగతి పిల్ల ఒకతి సెలవులన్ని దినాలు తల్లెన్క పత్తి ఏరవోయింది. ఒత్తులు అప్పుడప్పుడే పట్టుకుంటుండె. బడి తెరిచినంక పుస్తకం తీసి "అమ్మమ్మ" అన్న మాట కాడ ఆగింది. మకారం కింద మకారం ఎట్ల పలకాల్నో మర్చిపోయింది. ఆ పిల్ల ఇల్లు మా ఇంటికి నాలుగు సందుల అవతల. సెలవులల్ల ఒక్కపొద్దన్న పోయి చదివిపిస్తే అయితుండె. పోలే. ఎవలి కన్ను ముందు చూడాల్నో ఒక్కటే ఎంచుకున్న, దానికి పశ్చాత్తాపం లేదు, కని ఆ పిల్ల ఆగిన జాగ మాత్రం మతికొస్తనే ఉంటది. సెలవు పని అని పది పేజీలు చూసి రాసుకురమ్మంటే చదువు రాదు. రోజుకొక పేజీ పైకి చదువుతుంటే ఇనెటోళ్లు ఒకలుండాలె. అమ్మనాయిన చేన్ల ఉంటరు. ఇంటర్, డిగ్రీ చదివినోళ్లు ఊర్లె ప్రతి గల్లీల ఉన్నరు.

గిదే మాట మా వాడకట్టు తమ్మునితోని అన్న. "రేపు టీచరయితవు గదా, పొద్దూకినంక ఓ అరగంట ఆ పిల్లతోని చదివిపియ్యరాదు" అని.

వాడు తల గోక్కున్నడు. "ఇప్పుడు ప్రిపరేషన్ల ఉన్న అక్కా. సంక్రాంతి సెలవులల్ల చూద్దాం తియ్యి" అన్నడు.