పాత బడిని చూపించే టూర్: మన పిల్లలు అక్కడ ఏం నేర్చుకుంటారు?

ఓబులదేవరచెరువు: చలికాలం మొదలైతే చాలు, పిల్లల బడి సంచీలో ఒక చీటీ ఇంటికి వస్తుంది. ఎక్స్‌కర్షన్‌కు పంపుతారా లేదా, పంపితే ఫలానా తేదీలోపు డబ్బులు కట్టి, సంతకం పెట్టి ఇవ్వండి అని. ఓడీ చెరువు చుట్టుపక్కల బడులకు దగ్గర్లో ఉన్నవి లేపాక్షి, పెనుకొండ కోట, పుట్టపర్తి, కదిరి వైపు తిమ్మమ్మ మర్రిమాను. చీటీ చూడగానే ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరి డబ్బులు ఒకేసారి కట్టడం కూలి ఇళ్లలో, చిన్న అంగడి నడిపే ఇళ్లలో కష్టమే. అలాంటప్పుడు ఎక్కువసార్లు అబ్బాయి బస్సెక్కుతాడు. అమ్మాయికి 'వచ్చే సంవత్సరం చూద్దాంలే బేటీ' అన్న మాట మిగులుతుంది.

ఈ టూర్లలో మన దగ్గర పెద్దగా తెలియని రకం ఒకటుంది. కోట కాదు, గుడి కాదు, పార్కు కాదు. పాతకాలపు తరగతి గదిని చూడ్డానికి వెళ్లడం. దాని గురించి తెలుసుకుంటే, చివరికి అది మన జిల్లా కథ దగ్గరికే వస్తుంది.

పాత బడి మ్యూజియం అంటే ఏమిటి?

ఇంగ్లండ్‌లో హిచిన్ అనే ఊళ్లో 1810లో మొదలైన ఒక బడి ఉంది. అక్కడ 1837లో కట్టిన పెద్ద గది ఇంకా అలాగే ఉంది. ఆ ఒక్క గదిలో మూడు వందల మంది అబ్బాయిలు, ఒకే ఒక్క మాస్టరు. ఇప్పుడది 'బ్రిటిష్ స్కూల్స్ మ్యూజియం'. లండన్‌లో కాలువ ఒడ్డున 'ర్యాగెడ్ స్కూల్ మ్యూజియం' అని ఇంకొకటి ఉంది. అక్కడ 1877లో పేద పిల్లలకు ఉచిత బడి తెరిచారు. 1990 నుంచి అది మ్యూజియం.

ఇలాంటి చోట్ల పిల్లలు అద్దాల పెట్టెల్లో వస్తువులు చూసి రావడం ఒక్కటే కాదు. ఆ కాలపు బెంచీల మీద కూర్చుంటారు. పాతకాలపు టీచరు వేషంలో ఒకరు వచ్చి పాఠం చెబుతారు. చేతికి పలక, బలపం ఇస్తారు. నిటారుగా కూర్చోమంటారు, గోళ్లు చూస్తారు, మాట్లాడితే గద్దిస్తారు. కాసేపు వందేళ్ల కిందటి పిల్లాడిలా ఉండి చూస్తే, పుస్తకంలో పది పేజీలు చదివినా తెలియనిది తెలుస్తుందన్నది వాళ్ల ఆలోచన.

ఆ పద్ధతి వెళ్లింది మద్రాసు నుంచే

ఒక్క మాస్టరు మూడు వందల మందికి ఎలా చెప్పగలిగాడు? పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పేవాళ్లు. చిన్నవాళ్లు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాళ్లు. కాగితం ఖర్చు లేదు, ఎక్కువ మంది జీతగాళ్లు అక్కర్లేదు.

ఈ పద్ధతి మూలం మన వైపే ఉంది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాధికారి 1789లో మద్రాసు ఎగ్మోరులోని అనాథ బాలుర ఆశ్రమం బాధ్యత తీసుకున్నాడు. అక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలోనూ అదే పెట్టమన్నాడు. మాస్టర్లు ఒప్పుకోలేదు. దాంతో ఎనిమిదేళ్ల పిల్లాడికే చిన్నవాళ్లకు చెప్పే పని అప్పగించాడు. ఈ అనుభవం మీద 1797లో లండన్‌లో పుస్తకం అచ్చు వేయించాడు. అందుకే ఇంగ్లండ్‌లో ఆ పద్ధతికి 'మద్రాస్ సిస్టమ్' అని పేరు పడింది. హిచిన్ బడి జోసెఫ్ లాంకాస్టర్ అనే మరో విద్యావేత్త పద్ధతిలో నడిచింది. అక్కడ కూడా పిల్లలే పిల్లలకు చెప్పడం, ఇసుక బల్ల మీద రాయడం ఉండేవి.

మన ప్రాంతంలో 1823 లెక్క

మరి అప్పట్లో మన దగ్గర బడులు ఎలా ఉండేవి? దీనికి రాతపూర్వక ఆధారం ఉంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దీన్ని దత్త మండలాలు అన్నారు. ఇక్కడ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1822లో ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఎవరు చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. అంతకుముందు పెనుకొండ, హిందూపురం, ధర్మవరం బళ్లారి కిందే ఉండేవి. ఓడీ చెరువు ఉన్న కదిరి తాలూకా మాత్రం కడపలో ఉండి, 1910లో అనంతపురంలో కలిసింది.

క్యాంప్‌బెల్ లెక్క ప్రకారం బళ్లారి జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదివే పిల్లలు 6,641 మంది. అంటే బడికి పన్నెండు మంది చొప్పున, వెయ్యి మంది జనాభాలో ఏడుగురు. కన్నడ బడులు 235, తెలుగు 226, మరాఠీ 23, పారశీ 21, తమిళం 4, ఇంగ్లీషు ఒక్కటి. మిగతా 23 బ్రాహ్మణుల శాస్త్ర విద్య బడులు. మన ఇళ్లలో మాట్లాడే ఉర్దూకు ఈ పట్టికలో వేరే గడి లేదు. కచేరీ చదువంటే అప్పుడు పారశీయే.

ఆ బడి ఎలా నడిచేదో కూడా ఆయన రాశాడు. ఐదేళ్లకు పిల్లాణ్ని చేర్చేవాళ్లు. పొద్దున ఆరుకే బడి. మొదట వచ్చినవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవాళ్లు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఒక్కొక్కటి ఎక్కువ. ఇసుక తర్వాత తాటాకు, గంటం. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవున్న చెక్క పలక. గంజి పట్టించి, బొగ్గు పూసి, పుస్తకంలా మడత పెట్టిన గుడ్డ. దాని మీద బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచేవాళ్లు.

మెచ్చుకోవడంతో ఆయన ఆగలేదు. పిల్లలు పద్యాలన్నీ అప్పజెబుతారు కానీ అర్థం చిలకకు తెలిసినంత కూడా తెలియదని రాశాడు. దేశం పేదదైపోయి ఫీజు కట్టలేకనే చాలా ఊళ్లలో బడులు మూతపడ్డాయని కూడా ఒప్పుకున్నాడు.

ఆ పట్టికలో లేనివాళ్లు

ఇక మనం ఆగి చూడాల్సిన అంకె. 6,641 మందిలో ముస్లింలు 243 మంది, అందరూ అబ్బాయిలే. అమ్మాయిలు మొత్తం జిల్లాలో 60 మంది. అందులో ముస్లిం అమ్మాయి ఒక్కరూ లేరు.

అంటే ఆ ఇళ్లలో చదువే లేదనుకోవడం సరికాదు. క్యాంప్‌బెల్ లెక్కపెట్టింది బడులను. మద్రాసు నగరంలో మాత్రం కలెక్టరు ఇళ్లలో చదివేవాళ్లనూ లెక్కించాడు. వాళ్లు 26,963 మంది అని తేలింది. బడికి వెళ్లేవాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మన ఇళ్లలోనూ నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చేయించే ఆనవాయితీ చాలా పాతది. నానీ, దాదీ దగ్గర ఖురాన్ నేర్చుకున్న ఆడపిల్లలు ఏ పట్టికలోనూ కనిపించరు. మౌలానా ఆజాద్ కూడా బడికి పోకుండా ఇంట్లోనే చదువుకున్నారు.

కానీ ఒక తేడా ఉంది. ఇంటి చదువుతో మౌలానా దేశానికి మొదటి విద్యామంత్రి అయ్యారు. ఇంట్లోనే ఆగిపోయిన ఆడపిల్లల పేరు కూడా మనకు తెలియదు. రాతలోకి రాని చదువు తర్వాతి తరానికి కనిపించదు.

ఇక్కడే ఒక మ్యూజియం పెట్టొచ్చు

ఇంగ్లండ్ పోయే పని లేదు. నవంబరు 11 మౌలానా ఆజాద్ పుట్టినరోజు. 2008 నుంచి జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజు బడిలో ఒక గదిని పాత బడిగా మార్చడానికి పెద్ద ఖర్చు కాదు. ఇంట్లో అటక మీద ఉన్న రాతిపలక, పాత ఉర్దూ ఖాయిదా, తాత కలం, సిరాబుడ్డి, అమ్మ మార్కుల కార్డు చాలు. ఒక తట్టలో ఇసుక పోసి అలిఫ్, అ రెండూ వేలితో రాయించవచ్చు. ఒక దాదీని పిలిచి, ఎన్నో తరగతిలో బడి మానేశారో, ఎందుకు మానేశారో చెప్పమంటే పిల్లలకు అదే పాఠం. హెడ్‌మాస్టరు ఒప్పుకుంటే అడ్మిషన్ రిజిస్టరులో ముస్లిం అమ్మాయి పేరు మొదట ఏ సంవత్సరంలో ఎక్కిందో వెతకమనండి.

పెనుకొండ టూర్ అయినా ఇలాగే పనికొస్తుంది. కోట, షేర్‌ఖాన్ మసీదు చూసి ఫోటోలు దిగి రావడం మామూలే. ఈ ఊళ్లో ఒకప్పుడు పిల్లలు ఏ భాషలో, దేని మీద రాసేవాళ్లు అని బస్సులోనే ఒక ప్రశ్న వేసి పంపితే చూపు మారుతుంది.

అమ్మాయిని పంపడానికి భయముంటే వద్దనే ముందు బడిని అడగండి. లేడీ టీచర్లు ఎంతమంది వస్తున్నారు? బస్సు ఎన్నింటికి తిరిగొస్తుంది? జొహర్ నమాజుకు ఎక్కడ ఆపుతారు? భోజనం బయటా, ఇంటి నుంచా? డబ్బు రెండు విడతల్లో కట్టొచ్చా? జవాబులు సరిగ్గా వస్తే అన్నకు ఇచ్చిన సంతకమే చెల్లెలికీ ఇవ్వొచ్చు. ఒకరినే పంపగలిగే సంవత్సరం వస్తే, పోయినసారి ఎవరు వెళ్లారో గుర్తు చేసుకుని ఈసారి రెండోవాళ్లను పంపండి.