సానచక్రమునకును కక్కు కొట్టవలెను

తిరుగలి నున్నబడినప్పుడు మన ఇండ్లలోని స్త్రీలు ఏమి చేయుదురో రైతుసోదరు లందఱెఱుగుదురు. పప్పు విరుగుటకు మాఱుగా రాళ్ల నడుమ నలిగి వేడెక్కుచున్నదని కనిపెట్టినంతనే వారు పప్పును నిందింపరు. త్రిప్పు చేతిని నిందింపరు. కక్కు కొట్టువానిని పిలిపింతురు. అతడు ఉలితో రాతిముఖమున సన్నని గంట్లు వేసి, గరుకు కల్పించి, కూలి పుచ్చుకొని పోవును. మఱునాటినుండి రాయి అదియే, పప్పు అదియే, చేయియు అదియే. పని మాత్రము వేఱు.

ఇంతటి సామాన్యజ్ఞానమును మన సంఘములు విద్యుచ్ఛక్తితో తిరుగు సానచక్రము విషయమున మఱచిపోవుచున్నవి. ఆ చక్రమును కక్కుకొట్టు పనిముట్టును గూర్చియే ఈ నెల నాలుగు మాటలు వ్రాయుచున్నాను. దీనిని యంత్రశాలలవారు డ్రెస్సరు అందురు. మనమును ఆ పేరే వాడుకొందము.

కొన్ని యేండ్ల క్రిందట చెఱకు నరుకు కాలమున అనకాపల్లి ప్రాంతమునందలి యొక గ్రామసంఘమునకు ప్రదర్శన నిమిత్తము పోయితిని. 8 అంగుళముల చక్రములు రెండు గల సానయంత్రమును ఆ సంఘమువారు కొని అప్పటికి ఒక సంవత్సరము దాటినది. తెల్లవారకమునుపే చెఱకు కత్తులు పట్టుకొని జనులు వరుసగా నిలిచియుండిరి. ఒక్కొక్కరును కత్తిని చక్రమునకు రెండు చేతులతో అదుముచుండిరి. చక్రము కీచుమని అఱచుచుండెను. దాని ముఖము కడిగిన గాజువలె మెఱయుచుండెను. కత్తుల వాదర వెంబడి నీలిచాఱలు ఏర్పడుచుండెను. ఒక వృద్ధరైతు తన కత్తిని నా చేతికిచ్చి, "అయ్యా, ఈ రాయి కత్తిని కోయుట లేదు, కాల్చుచున్నది. పట్టుమని పది గడలు నరకక మునుపే వాదర ముడుచుకొని పోవుచున్నది. మొదళ్లు చీలిపోయిన తరువాత కార్శి తోట యేమి లేచును?" అని యడిగెను.

ఆయన మాట అక్షరాల నిజము. చెఱకును నేలమట్టమున ఒక్క వేటుతో నున్నగా నరికిననే గదా మోడునుండి బలమైన పిలకలు వచ్చును! మొండికత్తితో నాలుగు వేటులు వేసిన మోడు చీలి, తేమయు తెగులును లోనికి పోవుటకు దారి యేర్పడును. సంఘమువారు చక్రము నాసిరకమని తలచి దానిని పాఱవేసి క్రొత్తది కొనుటకు అప్పటికే తీర్మానము వ్రాసికొనిరి. నేను బీరువా తెఱపించి చూడగా, యంత్రముతో వచ్చిన డ్రెస్సరు నూనెకాగితము విప్పకయే అందుండెను. అదేమో యంత్రమునకు అదనపు భాగమని వారు దాచియుంచిరట! అరగంటలో చక్రముఖమును దిద్దితిమి. ఆ వృద్ధుని కత్తియే మొదట పట్టితిమి. చిన్నవేలితో ఆనించినంత మాత్రమున ఉక్కు కోయబడెను, నీలిచాఱ కానరాలేదు. తీర్మానము కొట్టివేయబడినది.

చక్రము ఏల మొద్దువాఱును?

సానచక్రము ఒకే రాయి కాదు. కోటానుకోట్ల కఠినరేణువులను ఒక బంధకపదార్థముతో అంటించి, నడుమ సందులు విడిచి చేసిన ముద్ద అది. ఒక్కొక్క రేణువు ఒక చిన్న ఉలి. ఉక్కు పట్టుటకు అల్యూమినియం ఆక్సైడు రేణువుల చక్రము తగినది. పోత ఇనుమునకును, ఇత్తడివంటి లోహములకును, రాతికిని సిలికాన్ కార్బైడు తగును. ఈ రెండవదానిని 1891వ సంవత్సరమున అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ అను నతడు మొదట తయారుచేసి కార్బొరండము అని పేరిడెను. మన కొడవళ్లు, కత్తులు, గొడ్డళ్లు, చొప్ప నరుకు యంత్రపు కత్తులు అన్నియు ఉక్కువి గనుక మనకు కావలసినది మొదటి రకమే.

చక్రము తిరుగుచుండగా మొద్దుబడిన రేణువు ఊడిపోయి దాని వెనుకనున్న క్రొత్తరేణువు బయటికి రావలెను. అట్లు జరుగనప్పుడు రెండు విధములైన చెఱుపు కలుగును. రేణువుల మొనలు అరిగియు ఊడక నిలిచిపోయిన ముఖము నున్నబడి మెఱయును. అల్యూమినియము, రాగి, ఇత్తడి వంటి మెత్తని లోహములను పట్టినచో వాని పొడి సందులలో కూరుకొని ముఖము పూడిపోవును. రెండింటికిని ఫలము ఒక్కటియే: చక్రము కోయుటకు బదులు రాచుకొనును, రాచుకొనుటవలన వేడి పుట్టును.

ఆ వేడి ఏమి చేయునో కమ్మరిని అడుగుడు. పదునుపెట్టిన ఉక్కు సుమారు 230 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి గడ్డివన్నెయు, 300 డిగ్రీల దాపున నీలివన్నెయు పొందును. కత్తి వాదర నీలమైనదనగా కమ్మరి కొలిమిలో ఇచ్చిన గట్టిదనము కొంత పోయినదని యర్థము. దానిని నీట ముంచినంత మాత్రమున పోయిన గట్టిదనము తిరిగి రాదు. నీలిభాగమంతయు అరుగదీయవలెను, లేదా మరల కొలిమికి పంపవలెను. కావున నున్నబడిన చక్రము చక్రమునే కాదు, ఊరిలోని ప్రతి కత్తిని పాడుచేయును.

మూడు విధముల డ్రెస్సర్లు

ఒకటవది నక్షత్రపు డ్రెస్సరు. పొడవైన ఇనుపపిడి చివర, గట్టిపఱచిన ఉక్కుతో చేసిన పండ్లచక్రములు కొన్ని ఒక ఇరుసుపై వదులుగా తిరుగుచుండును. ఇవి సానచక్రముతోపాటు తిరుగుచు ముఖముపై కొట్టి మొద్దుబడిన రేణువులను ఊడగొట్టును. తిరుగలికి ఉలి యెట్టిదో దీనికి ఇది యట్టిది. దీని వెల తక్కువ. అరిగిన పండ్లచక్రములను మాత్రమే మార్చుకొనవచ్చును. 8 అంగుళములును అంతకు మించినవియునైన ముతక చక్రములకు గ్రామసంఘమునకు ఇంతకంటె తగినది లేదు.

రెండవది కార్బొరండపు కడ్డీ. అల్యూమినియం ఆక్సైడుకంటె సిలికాన్ కార్బైడు కఠినము గనుక అది దీనిని అరుగదీయగలదు. 6 అంగుళములును అంతకు లోపును గల చిన్నచక్రములకు ఇది చాలును. పనిచేయుకొలది కడ్డీయు అరిగిపోవును. అది పొట్టియైన పిమ్మట వ్రేళ్లు చక్రమునకు దగ్గరపడును గనుక దానిని పాఱవేయుటయే మేలు. పగిలిన పాతచక్రపు తునకను చేతపట్టి దిద్దుట కొన్నిచోట్ల చూచితిని. అది వ్రేళ్లకు ముప్పు.

మూడవది వజ్రపు డ్రెస్సరు. వజ్రములు మనకు క్రొత్త కావు. కృష్ణాతీరమున కొల్లూరు గనులు గోలకొండ రాజ్యకాలమున లోకప్రసిద్ధములు. అనంతపురము జిల్లా వజ్రకరూరు ప్రాంతమున తొలకరి జల్లులు పడినంతనే జనులు చేలలో వజ్రములు వెదకుట నేటికిని కలదు. నగకు పనికిరాని వజ్రపుతునకను ఉక్కుకడ్డీ చివర పొదిగినచో డ్రెస్సరగును. 1954వ సంవత్సరాంతమున అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థవారు యంత్రశాలలోనే వజ్రములు చేయుట నేర్చిరి. తరువాత అట్టి కృత్రిమవజ్రములును ఈ పనికి వచ్చినవి.

వజ్రము చక్రమును కొట్టదు, కోయును. కావున ముఖము మిక్కిలి సమముగా వచ్చును. కాని దానిని చేతితో ఊగులాడునట్లు పట్టరాదు. యంత్రమునకు బిగించి నడుపవలెను. మొన చక్రము తిరుగు దిక్కునకు 10 మొదలు 15 డిగ్రీల వరకు వాలియుండవలెను. ఒక్కొక్క విడతకు తీయవలసినది మిల్లీమీటరులో నలుబదవవంతు మాత్రమే. కడ్డీని అప్పుడప్పుడు కొంచెము త్రిప్పుచుండిన మొన ఒకేప్రక్క అరుగదు. వేడెక్కిన వజ్రముపై చన్నీరు చల్లిన పగులును. నీరు వాడదలచిన మొదటినుండి కడవఱకు ధారగా వాడవలెను. ఇంజను భాగములను సూక్ష్మముగా పట్టు యంత్రశాలలకే ఇది తగును. కత్తులు, గొడ్డళ్లు పట్టు సంఘమునకు దీనిపై డబ్బు పెట్టవలసిన పనిలేదు. వెల హెచ్చైనది మేలైనదను భ్రమ వలదు. పనికి తగినదే మేలైనది.

నక్షత్రపు డ్రెస్సరు వాడు విధము

మొదట యంత్రమును ఆపి, విద్యుత్తు తీసివేయుడు. చక్రమున పగుళ్లు ఉన్నవేమో చూడుడు. పగులు కలదను అనుమానము కలిగిన చక్రమును విప్పి, ఒక కఱ్ఱపిడితో మెల్లగా తట్టుడు. మంచికుండవలె ఖంగుమనిన మంచిదే. బొదబొదమనిన ఎంత క్రొత్తదైనను వాడరాదు.

పిమ్మట పనిముట్టు ఆనించు బల్లను కొంచెము వెనుకకు జరిపి బిగింపుడు. డ్రెస్సరు తలక్రింద నుండు కొక్కెములు చక్రమునకును బల్లకును నడుమ దిగి బల్ల అంచును పట్టుకొనవలెను. ఈ పట్టు లేనిచో చక్రము పనిముట్టును లాగివేయును. కంటి అద్దములు పెట్టుకొని, ముక్కునకు నోటికి గుడ్డ కట్టుకొని, చక్రమునకు ఎదురుగా గాక ప్రక్కగా నిలిచి యంత్రము నడుపుడు. పూర్తి వేగము వచ్చి ఒక నిమిషము గడచిన తరువాత పిడిని మెల్లగా ఎత్తుచు నక్షత్రములను ముఖమునకు తాకింపుడు.

ఇచ్చట పలువురు పొరపాటు చేయుదురు. భయపడి మరీ తేలికగా ఆనించినచో పండ్లచక్రములు జారి, నిప్పురవ్వలు రాల్చుచు తామే అరిగిపోవును. అవి చక్రముతో కలిసి తిరుగునంత నిబ్బరముగా పట్టి, ఈ అంచునుండి ఆ అంచునకు ఆపకుండ నడుపవలెను. త్వరగా నడిపిన ముఖము గరుకుగా వచ్చి వేగముగా కోయును. మెల్లగా నడిపిన నున్నగా వచ్చును. మెఱపంతయు పోయి ముఖము మసకగా, గుండ్రముగా కనబడినంతనే ఆపుడు. అంతకు మించి తీసిన చక్రము వ్యర్థము.

పని ముగిసి యంత్రము నిలిచిన తరువాత బల్లను మరల ముందునకు జరుపుడు. చక్రమునకును బల్లకును నడుమ 3 మిల్లీమీటర్లకు మించి సందుండరాదు. ఆ సందున కత్తి ఇఱుకుకొన్నచో చక్రమే పగిలిపోవచ్చును. 8 అంగుళముల చక్రము నిమిషమునకు 2,800 చుట్లు తిరుగునప్పుడు దాని అంచు గంటకు సుమారు 105 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. ఆ వేగమున వచ్చు తునక ఎదుటివానిని ఎఱిగి రాదు. కావుననే కప్పు తీసి చక్రమును నడుపుటగాని, చక్రముపై వ్రాసిన హద్దుకంటె అధికవేగము గల యంత్రమునకు బిగించుటగాని మహాపరాధము.

కంటి అద్దముల మాట నేను పుస్తకము చూచి వ్రాయుట లేదు. చిన్ననాడు మిషన్ పాఠశాలలో చేతిపని నేర్పిన ఉపాధ్యాయుడు అద్దములు లేనిదే చక్రము దరికి రానిచ్చెడివాడు కాడు. పెద్దవాడనై, పది గ్రామములకు బోధించువాడనై, ఒకనాడు "ఒక్క నిమిషమే గదా" యని అద్దములు లేకయే చక్రము దిద్దితిని. ఒక రేణువు ఎడమకంట పడినది. వైద్యుడు దానిని తీసి ఐదుదినములు కంటికి కట్టు కట్టెను. చూపు దక్కినది దైవకృపవలననేగాని నా తెలివివలన కాదు. నాడు నాకు బోధించినవారి మాట ఆ ఐదుదినములును చెవిలో మ్రోగుచునే యుండెను.

సంఘములు చేయవలసినది

సానయంత్రము కొనునప్పుడే డ్రెస్సరును, రెండుజతల కంటి అద్దములను కొనుడు. ఈ మూడును ఒకే తీర్మానమున ఉండవలెను. చక్రము దిద్దు పనిని అందఱికి విడువక, నేర్పుగల ఒక సభ్యునికి ఒప్పగింపుడు. అతనికి తోడుగా మఱియొకనికి నేర్పింపుడు. దిద్దిన తేదీని పలకపై వ్రాయుడు. అయితే తేదీనిబట్టి కాక గుర్తులనుబట్టి దిద్దుడు: ముఖము మెఱసినను, కీచుమని అఱచినను, నీట తడుపుచున్నను వాదర నీలమెక్కినను, చక్రము వణకినను దిద్దవలెను. దిద్దిన తరువాతను వణకుచుండిన బిగింపునందో చక్రమునందో లోపమున్నది, నడుపరాదు. ఇత్తడి, అల్యూమినియము, కఱ్ఱ ఆ చక్రమునకు తాకనీయకుడు. కక్కుకొడవళ్లను దానిపై పట్టకుడు; వాని పండ్లు పోవును. వానికి కమ్మరి ఆకురాయియే సరి.

సొంత కొడవలి చెడిన ఒక్క రైతు నష్టపడును. సంఘపు చక్రము చెడిన ఊరంతయు నష్టపడును. పైగా ప్రతివాడును తన కత్తినో కమ్మరినో నిందించుకొనును గాని, అసలు కారణమును వెదకడు. పదిమంది సొత్తునకు కాపరి లేకపోవుటయే సహకారమునకు మొదటి శత్రువు. ఈ సంచిక చదివి ముగించిన తరువాత మీ సంఘపు బీరువా ఒక్కసారి తెఱచి చూడుడు. నూనెకాగితము చుట్టిన పిడియొకటి అందున్నయెడల, ఈ దినముననే విప్పుడు.