తేనెటీగల వైరస్‌కు రేపటి మందు - ఈ రోజు చేయాల్సిన పని

ఉద్దానం రైతు జీడి పూత చూసి ఆ ఏటి లెక్క కడతాడు. అయితే పూసిన పువ్వంతా కాయ కాదు గదా! జీడి పుప్పొడి జిగటగా ఉంటుంది, గాలికి అంతగా కదలదు. దాన్ని పువ్వు నుంచి పువ్వుకు మోసేవాటిలో తేనెటీగలు ముఖ్యమైనవి. కొబ్బరికీ వీటి సాయం ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస నుంచి కవిటి దాకా తోటలను కూల్చేసింది. తర్వాత నాటిన మొక్కలు అక్కరకు రావాలంటే తేనెటీగలు బతకాలి.

తొర్రల్లో పట్టు పెట్టే మన పుట్ట తేనెటీగకు పెద్ద శత్రువు థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్. 1976లో థాయ్‌లాండ్‌లో బయటపడిన ఈ రోగం 1991-92లో దక్షిణ భారతంలో విజృంభించి, చాలాచోట్ల నూటికి 90 వంతుల దాకా పెట్టెలను ఖాళీ చేసింది.

కొత్త పద్ధతి ఏమిటి?

వైరస్‌లో ఉండేది ఆర్‌ఎన్‌ఏ అనే రాత. కొబ్బరి తాడుకు పేటలు ఉన్నట్టే దీనికీ పేట ఉంటుంది. ఈ వైరస్‌ది ఒంటి పేట. అది ఈగ ఒంట్లో పెరిగేటప్పుడు రెండు పేటలవుతుంది. రెండు పేటలది కనబడగానే ఈగ కణం దాన్ని చిన్న ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కలను నమూనాగా పెట్టుకుని, అదే రాత ఉన్న వైరస్‌ను వెతికి నరుకుతుంది. దీన్నే జన్యువు నోరు నొక్కడం అంటారు. ఈ మర్మం కనిపెట్టిన ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు 2006లో నోబెల్ బహుమతి వచ్చింది.

శాస్త్రవేత్తలు వైరస్ రాతలో కొంత భాగాన్ని ముందుగానే రెండు పేటలుగా తయారుచేసి, పంచదార పాకంలో కలిపి ఈగలకు పెట్టారు. అమెరికాలో ఫ్లోరిడా, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో మరో వైరస్‌పై 160 పెట్టెల్లో పరీక్షించగా, మందు తిన్న పెట్టెలు బలంగా నిలిచాయని 2010లో ప్రకటించారు. అదే ఏడు చైనాలో సాక్‌బ్రూడ్ మీదా, మన జాతి ఈగ పిల్లపురుగులకు పెట్టి మంచి ఫలితం చూశారు. ఇందులో ఈగ జన్యువులను మార్చడం ఉండదు.

తొందరపడవద్దు

ఈ మందు ఒక వైరస్‌కు చేసింది మరో వైరస్‌కు పనిచేయదు. రోగం ముదిరాక కాక, ముందే పెట్టాలి. మన అంగళ్లలో ఇది ఇంకా దొరకదు. కాబట్టి ఎవరైనా సీసా చూపి ‘వైరస్ మందు’ అంటే డబ్బు తీయవద్దు. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు, పైగా తేనెలో మిగిలిపోతుంది.

రోగాన్ని గుర్తించండి

మంచి పిల్లపురుగు ముత్యంలా తెల్లగా మెరుస్తుంది. రోగం తగిలింది గదిలో నిలువుగా చాచుకుని, తల పైకెత్తి చనిపోతుంది. పసుపు రంగుకు, ఆపై గోధుమ రంగుకు తిరుగుతుంది. పుల్లతో లాగితే నీళ్లు నిండిన సంచిలా ఊడి వస్తుంది. కుళ్లు వాసన ఉండదు. పుల్లటి వాసన వచ్చి, పురుగు మెలికలు తిరిగి ఉంటే అది బాక్టీరియా తెగులు కావచ్చు.

ఇప్పుడు చేయాల్సినవి

* రోగమున్న పెట్టెను దూరం పెట్టండి. దాని అట్టలు, పనిముట్లు వేరే పెట్టెలో వాడవద్దు. చెడిన అట్టలను కాల్చేయండి.
* రాణి ఈగను కొన్నాళ్లు పంజరంలో పెడితే గుడ్లు ఆగి, రోగానికి పిల్లపురుగులు దొరకవు. వీలైతే రోగం రాని పెట్టె నుంచి కొత్త రాణిని తెచ్చుకోండి.
* పూలు లేని రోజుల్లో పంచదార పాకం పెట్టి పెట్టె బలం నిలపండి.
* కొత్త పెట్టెలు కొనే ముందు పిల్లపురుగులున్న అట్టను చూడనిదే కొనవద్దు.
* జీడి పూత మీద తేయాకు దోమకు మందు కొట్టక తప్పకపోతే ఈగలు ఇంటికి చేరాక, సాయంత్రం కొట్టండి.

అనుమానం వస్తే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. రేపు కొత్త మందు మన ఊరికి వచ్చినా, మొదట అడిగేది ‘ఏ వైరస్?’ అనే. ఆ జవాబు చెప్పగలిగిన రైతుకే అది అక్కరకు వస్తుంది.