క్రొత్త ఉద్యోగికి ఊరి తోడ్పాటు

1984లో గ్రామ కరణం, మునసబు ఉద్యోగములు రద్దయినవి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ఆరంభమైనవి. 2020లో వచ్చిన రైతు భరోసా కేంద్రములు 2024లో రైతు సేవా కేంద్రములైనవి. పేర్లెన్ని మారినను హాలహర్వి రైతుకు కావలసినది ఒక్కటే: వేసిన పంట సక్రమముగా నమోదగుట. అది తప్పినచో నష్టపరిహారమునకు చిక్కు వచ్చును.

ఉత్తర్వు అందినంత మాత్రమున క్రొత్త వ్యవసాయ సహాయకునికి ఊరు తెలియదు. కావున గ్రామోద్యోగులు ఈ క్రింది పనులు చేయవలెను.

1. బదిలీపై వెళ్లువారు వచ్చినవారిని వెంటబెట్టుకొని పొలముల హద్దులు చూపవలెను.
2. కౌలుదార్ల పేర్లు వ్రాసి అప్పగించవలెను.
3. కన్నడము మాట్లాడు రైతులున్నచోటికి ఆ భాష తెలిసినవారిని తోడు పంపవలెను.

రైతు సోదరులారా! నమోదునాడు పొలమువద్దనే ఉండి సర్వే నంబరు, పంట పేరు సరిచూచుకొనుడు. క్రొత్తవారు తడబడినచో కసరక, తెలిసినది చెప్పుడు. వారు పని నేర్చిన లాభము మీదే.